డబ్బు నాది, తాళంచెవి వాళ్లది!

ప్రశ్న: నాకు చదవడం, పాత సినిమాలు చూడటం తప్ప వేరే కాలక్షేపం లేదండీ. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చని కొన్నేళ్లుగా ఈ-బుక్సే కొంటున్నాను. ఈ మధ్య ఫోన్ మార్చాను. కొత్త ఫోన్‌లో యాప్ తెరిస్తే 'డివైజ్‌ల పరిమితి దాటిపోయింది' అంటోంది. డబ్బు పెట్టి కొన్న సినిమా ఒకటి నా లిస్టులోంచే మాయమైంది. పోనీ ల్యాప్‌టాప్‌లో వచ్చే సినిమా అయినా పెద్దగా చూద్దామని కేబుల్‌తో టీవీకి కలిపితే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం రావడం లేదు. ఇవి చాలవన్నట్టు కొత్త టీవీ పేజీలకు పేజీలు షరతులు చూపించి, 'ఒప్పుకుంటున్నాను' నొక్కితే గానీ ముందుకు కదలనంది. నొక్కేశాను. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. ఇంట్లో ఏదైనా వస్తువు గురించి మాట్లాడుకుంటే సాయంత్రానికల్లా ఫోన్‌లో దాని ప్రకటన కనిపిస్తోంది. మా అబ్బాయేమో 'మన దగ్గర దాచుకోవడానికి ఏముందమ్మా, వదిలెయ్' అంటాడు. పుస్తకాలకు వేసిన తాళం తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందని ఒక స్నేహితురాలు చెప్పింది. వాడొచ్చా? అసలు నేను డబ్బిచ్చి కొన్నది నాది ఎందుకు కాకుండా పోయింది?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రెండు బాధలు విడివిడిగా రాశారు. కొన్నవాటిని ఇష్టం వచ్చినట్టు వాడుకోలేకపోవడం ఒకటి, ఎవరో గమనిస్తున్నారన్న దిగులు ఇంకొకటి. నా లెక్కలో ఈ రెండూ ఒకే బాధ. ఎందుకో ముందు చెప్తాను. అది తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో మీకే తెలిసిపోతుంది.

మీ పుస్తకాలకు వేసిన తాళాన్ని డీఆర్ఎం అంటారు. డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ అన్నమాట. పుస్తకం ఫైలు మీ ఫోన్‌లోనే ఉంటుంది కానీ చదవడానికి వీల్లేకుండా గజిబిజి చేసి ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవిని కంపెనీ సర్వర్ ఇస్తుంది. ఇచ్చేముందు అడుగుతుంది: ఇది ఎవరి అకౌంట్, ఏ ఫోన్, ఏ పుస్తకం, ఈ ఫోన్‌కు అనుమతి ఉందా? ఇవి తెలియకుండా ఆ తాళం పనిచేయదు. గేటు దగ్గర కాపలావాణ్ణి కూర్చోబెట్టాక, వాడు వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసుకోకుండా ఉంటాడా?

2014లో జరిగింది చూడండి. తాళం వేసిన ఈ-బుక్స్ చదవడానికి చాలామంది వాడే అడోబీ డిజిటల్ ఎడిషన్స్ నాలుగో వెర్షన్, పాఠకులు ఏ పుస్తకం తెరిచారు, ఏ పేజీలు చదివారు అన్న వివరాలు అడోబీకి పంపుతోందని బయటపడింది. పంపితే పంపింది, దారిలో ఎవరైనా చదవగలిగేలా మామూలు అక్షరాల్లో పంపింది. గొడవయ్యాక కంపెనీ ఇచ్చిన సంజాయిషీ ఏమిటంటే, లైసెన్స్ సరిచూడటం లాంటి పనులకే ఈ సమాచారం తీసుకుంటున్నామని. తర్వాత అప్‌డేట్ ఇచ్చి, పంపేదాన్ని దారిలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేశారు. పంపడం మాత్రం మానలేదు. తాళం ఉన్నంతకాలం పూర్తిగా మానడం కుదరదు కూడా.

ఇక 'నాది ఎందుకు కాకుండా పోయింది' అన్నారు. మీరు డబ్బు కట్టింది పుస్తకానికి కాదు, పుస్తకం చదువుకునే అనుమతికి. షరతుల్లో ఎక్కడో లోపల ఆ మాట రాసే ఉంటుంది. 2009లో అమెజాన్, హక్కులు లేనివాళ్లు తమ స్టోర్‌లో పెట్టారని తెలిసి, కొన్ని ఈ-బుక్స్‌ను కొన్నవాళ్ల దగ్గరున్న, ఈ-బుక్స్ చదివే తన పరికరాలైన కిండిల్స్‌లోంచి దూరం నుంచే తుడిచేసి డబ్బు వాపసు ఇచ్చింది. వాటిలో ఒకటి జార్జ్ ఆర్వెల్ '1984'. పౌరుల మీద నిరంతరం నిఘా పెట్టి, పాత కాగితాలను ఎప్పటికప్పుడు మాయం చేసే ప్రభుత్వం కథ అది! అప్పటి కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్స్ దుకాణం మూసేసింది. కొన్న పుస్తకాలన్నీ పోయాయి. డబ్బు తిరిగి ఇచ్చారు, పుస్తకాల్లో నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా కొంత క్రెడిట్ కూడా ఇచ్చారు. న్యాయంగానే ప్రవర్తించారని ఒప్పుకుంటాను. కానీ పుస్తకం అంచున రాసుకున్న ఆలోచనకు వెల కట్టి ఇస్తే ఏం లాభం? కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. కంపెనీ తర్వాత వెనక్కి తీసుకోగల డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, ఇది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. పోయేది పోకుండా ఆ చట్టమేం ఆపదు. పోవచ్చని ముందే చెప్పమంటుంది, అంతే.

మీ ఫోన్ సంగతి తేలికే. పాత ఫోన్లు, ఎప్పుడో అమ్మేసిన ట్యాబ్, పాడైన కంప్యూటర్ అన్నీ ఆ లెక్కలో ఇంకా ఉండి ఉంటాయి. కంప్యూటర్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి డివైజ్‌ల జాబితా తెరిచి, వాడనివాటిని తీసేయండి. అక్కడ కుదరకపోతే కస్టమర్ కేర్‌కు రాయండి, సాధారణంగా వాళ్లు ఆ లెక్కను మళ్లీ సున్నా చేస్తారు. మాయమైన సినిమాకు మాత్రం రసీదు వెతికి పట్టుకోండి. కొన్నప్పుడు వచ్చిన మెయిల్ చాలు. దాన్ని జతచేసి, 'మళ్లీ పెట్టండి, లేదా డబ్బు ఇవ్వండి' అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో మాట్లాడితే ఆ అమ్మాయో అబ్బాయో ఎంతో మర్యాదగా 'నోట్ చేసుకున్నాం మేడమ్' అంటారు, అంతటితో సరి. రాసింది ఉంటే తర్వాత వినియోగదారుల ఫిర్యాదుకైనా పనికొస్తుంది.

టీవీలో బొమ్మ రాకపోవడం మీ ల్యాప్‌టాప్ తప్పు కాదు, కేబుల్ పాడైందనీ చెప్పలేం. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతోపాటు రెండు పరికరాల మధ్య ఒక సంభాషణ నడుస్తుంది. దాన్ని హెచ్‌డీసీపీ అంటారు, ఇంటెల్ తయారుచేసింది. 'నువ్వు నిజంగా టీవీవేనా, లేక రికార్డు చేసే పెట్టెవా?' అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. టీవీ తన రహస్య సంకేతంతో జవాబు చెప్పాలి. మధ్యలో పాత అడాప్టరో, ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిట్టరో ఉండి ఆ జవాబు సరిగా అందకపోతే బొమ్మ ఆగిపోతుంది, లేదా నాణ్యత పడిపోతుంది. కొన్నిసార్లు మీకు జరిగినట్టు మాటలు మాత్రం వస్తాయి. నీలం రంగు పాత వీజీఏ తీగలో అయితే ఆ సంభాషణకు అవకాశమే లేదు. కాబట్టి మధ్యలో ఉన్నవన్నీ తీసేసి, ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నేరుగా కలపండి. ల్యాప్‌టాప్ తెర, టీవీ తెర రెండిటిలోనూ ఒకే బొమ్మ వచ్చేలా పెట్టి ఉంటే దాన్ని మార్చి, టీవీలో మాత్రమే వచ్చేలా పెట్టి చూడండి. బ్రౌజర్ మార్చి చూసినా కొన్నిసార్లు పని జరుగుతుంది.

ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. 2010లో ఈ హెచ్‌డీసీపీ పాత వెర్షన్ మాస్టర్ కీ బయటికి పొక్కింది, నిజమేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. అంటే దొంగ కాపీలు తీసేవాడికి తాళంచెవి దొరికింది. నల్ల తెర మాత్రం డబ్బు కట్టి చూసేవాళ్లకు మిగిలింది. దొంగ కాపీలో హెచ్చరికలుండవు, డివైజ్‌ల లెక్క ఉండదు, ఏ టీవీలోనైనా ఆడుతుంది. నిజాయితీగా కొన్నవాళ్లకే ఇబ్బంది ఎక్కువ. ఈ ఏర్పాటుకు డబ్బు పోసే కంపెనీలు ఈ మాట ఎప్పుడు చెవిన వేసుకుంటాయో నాకైతే తెలియడం లేదు.

అలాగని మీ స్నేహితురాలు చెప్పిన సాఫ్ట్‌వేర్ వాడమని చెప్పలేను. 1996 నాటి ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఒప్పందం తర్వాత, ఇలాంటి తాళాలు తప్పించడాన్ని నిషేధిస్తూ చాలా దేశాలు చట్టాలు చేశాయి. అమెరికా చట్టం 1998లో వచ్చింది. సొంతంగా కొన్న పుస్తకాన్ని సొంత ఫోన్‌లో చదువుకోవడానికి తాళం తీయడం ఎంతవరకు నేరమన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకం. నలుగురికీ పంచడానికి తీయడం వేరు, తాను చదువుకోవడానికి తీయడం వేరు అన్నది నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయం మిమ్మల్ని కేసు నుంచి కాపాడదు కదా. చట్టం అలా ఉంచినా, ఊరూ పేరూ లేని చోటినుంచి దించుకున్న సాఫ్ట్‌వేర్‌కు మీ అకౌంట్ అప్పగించడం మంచిది కాదు. మీ కార్డు వివరాలు ఉన్నదీ ఆ అకౌంట్‌లోనే. పేరున్న కంపెనీలనే గుడ్డిగా నమ్మడానికి లేదు. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని పాటల సీడీలను కంప్యూటర్‌లో పెడితే, కాపీ కాకుండా ఆపే సాఫ్ట్‌వేర్ చాటుగా లోపల చేరి కంటికి కనబడకుండా దాక్కునేది. ఆ చాటునే వైరస్‌లు కూడా వాడుకోవడం మొదలుపెట్టాయి. చివరికి కంపెనీ సీడీలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంత పేరున్నవాళ్లే ఆ పని చేశాక, పేరే తెలియనివాళ్లను ఏ ధైర్యంతో లోపలికి రానిస్తారు?

తాళం తీయడం కంటే తాళం లేనివి కొనడం మేలు. పాటలకైతే ఇబ్బంది లేదు. ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోర్‌లో 2009 నుంచే పాటలు తాళం లేకుండా అమ్ముతున్నారు. డబ్బిచ్చి దించుకున్న పాట ఫైలు ఎన్ని ఫోన్లు మార్చినా మీతోనే వస్తుంది. నెలవారీ చందా కట్టి యాప్‌లో 'డౌన్‌లోడ్' చేసుకున్న పాట మాత్రం వేరు, చందా ఆగిన రోజున అదీ ఆగుతుంది. పుస్తకాల్లో అన్నీ దొరకవు కానీ, కొందరు ప్రచురణకర్తలు తాళం వేయకుండానే అమ్ముతున్నారు. సైన్స్ ఫిక్షన్‌కు పేరున్న టోర్ సంస్థ 2012లోనే తాళాలు తీసేసింది. కొనేముందు పుస్తకం వివరాల్లో 'డీఆర్ఎం-ఫ్రీ' అని ఉందేమో చూడండి. ఈపబ్ ఫైలుగానో, పీడీఎఫ్‌గానో దించుకోనిస్తే ఆ రోజే దించి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఒక కాపీ పెట్టుకోండి. 'ఎప్పుడైనా దించుకోవచ్చులే' అనుకోవద్దు. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించి యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. కాపీరైట్ కాలం తీరిన పాత పుస్తకాలైతే 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా, ఏ తాళమూ లేకుండా, పేరూ మెయిలూ అడగకుండా దొరుకుతాయి. మరీ ఇష్టమైన పుస్తకమైతే, కళ్లకు శ్రమైనా అచ్చుప్రతి కూడా ఒకటి ఉంచుకోండి. ఎవరికైనా ఇవ్వొచ్చు, తిరిగి రాకపోతే తిట్టుకోవచ్చు.

సినిమాల విషయంలో అంత ఆశ పెట్టుకోకండి. తాళం లేని సినిమా ఫైలు దొరకడం అరుదు. కాబట్టి యాప్‌లో ఎక్కువ డబ్బు పెట్టి 'కొనడం' మానేసి, తక్కువలో అద్దెకు తీసుకుని చూసేయండి. పదేపదే చూసేవి నాలుగైదు ఉంటే డిస్కులు కొనుక్కోండి. డిస్కు మీద రాసిన, ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ నంబరు, మీ ప్లేయర్ నంబరు ఒకటేనో కాదో చూసి మరీ.

ఇప్పుడు టీవీ. మీ టెన్షన్‌కు అర్థం ఉంది. ఆ 'ఒప్పుకుంటున్నాను' వెనక చాలా టీవీల్లో ఏసీఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్. తెర మీద కనిపిస్తున్న బొమ్మలోంచి కొన్ని చుక్కల రంగులనో, వినిపిస్తున్న శబ్దంలోంచి చిన్న ముక్కనో ఎప్పటికప్పుడు తీసుకుని, వేలిముద్ర లాంటి ఒక గుర్తుగా మార్చి కంపెనీకి పంపుతుంది. అక్కడ ఉన్న పెద్ద జాబితాతో పోల్చి, మీరు ఏ కార్యక్రమం ఏ నిమిషంలో చూస్తున్నారో కనుక్కుంటారు. తెర మీదున్నదాన్నే పట్టుకుంటుంది కాబట్టి, కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్‌లో ఆడుతున్నదాన్నీ గుర్తుపట్టగలదు. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విజియో అనే టీవీల కంపెనీ మీద చర్య తీసుకున్నది ఇందుకే. సరైన అనుమతి లేకుండా కోటీ పది లక్షల టీవీల నుంచి చూసేవాళ్ల వివరాలు సేకరించి అమ్ముకుందన్నది ఆరోపణ. 22 లక్షల డాలర్లు కట్టి కంపెనీ రాజీపడింది. లెక్కేసి చూస్తే టీవీకి పావు డాలరు కూడా కాదు!

దీన్ని ఆపొచ్చు. ఇబ్బందల్లా, ఆ స్విచ్‌కు దాని అసలు పేరు పెట్టరు. శాంసంగ్ టీవీల్లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్', సోనీలో 'సాంబా ఇంటరాక్టివ్ టీవీ' లాంటి ముద్దుపేర్లు ఉంటాయి. వినగానే ఏదో మనకు సేవ చేసేదే అనిపిస్తుంది. మోడల్‌ను బట్టి పేరు, చోటు కొంచెం మారతాయి కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రైవసీ, షరతులు, ప్రకటనలు అని ఉన్న చోట్లన్నీ తెరిచి, చూసే వివరాలు, మాటల వివరాలు, మీ ఇష్టాన్ని బట్టి ప్రకటనలు అన్న వాటికి ఒప్పుకోలు తీసేయండి. టీవీ యథాప్రకారం పనిచేస్తుంది. అంతకంటే మొండి పద్ధతి, నాకు నచ్చేదీ అదే: టీవీకి వైఫై పాస్‌వర్డ్ అసలు ఇవ్వకపోవడం. యాప్స్ అన్నీ ల్యాప్‌టాప్‌లో నడుపుతూ టీవీని ఒట్టి తెరలా వాడుకోవచ్చు. అయితే యాప్ కంపెనీకి మీరేం చూస్తున్నారో ఎలాగూ తెలుస్తుంది. టీవీ కంపెనీకి తెలియదు, అంతే తేడా.

ఫోన్ మీ మాటలు వింటోందా? మీలా అనుకునేవాళ్లు చాలామంది. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్స్‌ను పరీక్షించారు. చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కొన్ని యాప్స్ మాత్రం తమ తెర మీద మనం చేస్తున్నదాన్ని ఫొటోలుగా, వీడియోగా వేరే కంపెనీలకు పంపుతూ దొరికిపోయాయి. అయినా వినాల్సిన అవసరం వాళ్లకేముంది చెప్పండి. ఆ వస్తువు గురించి మీరు మాట్లాడుకున్న రోజే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో వెతికి ఉంటారు. ఒకే వైఫై, ఒకే చోటు, ఒకరి ఫోన్‌లో ఒకరి నంబరు. వీళ్లది ఒకే ఇల్లని తేల్చడానికి అవి చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దాని కింద యాడ్స్ తెరిచి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. ఐఫోన్ అయితే ట్రాకింగ్ అన్న చోట, యాప్స్ అడగడానికే వీల్లేకుండా ఆపేయండి. మైకు, లొకేషన్ అనుమతులు ఏ యాప్‌కు ఉన్నాయో చూసి, అవసరం లేనివాటికి పీకేయండి. టార్చ్‌లైట్ యాప్‌కు మీ కాంటాక్టులతో ఏం పని? ప్రకటనలు ఆగవు. మీ గుట్టు తెలిసినట్టు వచ్చేవి తగ్గుతాయి.

మీ అబ్బాయి మాటకు జవాబుగా 1987 నాటి సంగతి ఒకటి చెప్పండి. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి పదవికి రాబర్ట్ బోర్క్ పేరు ప్రతిపాదనలో ఉన్నప్పుడు, ఆయన ఇంట్లోవాళ్లు అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్ల జాబితాను ఒక పత్రిక సంపాదించి అచ్చేసింది. అందులో తప్పుపట్టాల్సిన సినిమా ఒక్కటీ లేదు, అన్నీ మామూలు సినిమాలే. అయినా చట్టసభ సభ్యులు ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాదే, చూసేవాళ్ల అనుమతి లేకుండా అలాంటి వివరాలు బయటపెట్టకూడదని చట్టం చేశారు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లే ఆ చట్టం కావాలనుకున్నారు. ఇంకా ఒప్పుకోకపోతే, అబ్బాయిగారి ఫోన్‌లో వెతికినవాటి చరిత్ర పదినిమిషాలు చూసిస్తానని అడిగి చూడండి.

మీరు అడగలేదు కానీ, ఇన్నేళ్లుగా పోగుచేసిన లైబ్రరీ కాబట్టి ఇదీ చెప్పాలి. మీ తదనంతరం ఆ పుస్తకాలు మీ అబ్బాయికి చెందుతాయని అనుకోకండి. మన తర్వాత మన అకౌంట్ చూసుకోవడానికి ఒకరిని నియమించే వీలు ఆపిల్ ఇచ్చింది. ఫొటోలు, మెయిళ్లు వాళ్లకు అందుతాయి. కొన్న సినిమాలు, పాటలు, పుస్తకాలు మాత్రం అందవని కంపెనీయే రాసింది. తర్వాతివాళ్లకు ఇవ్వాలనుకున్నవి ఏవో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకుని, అవి తాళం లేకుండానో, అచ్చులోనో దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే తెచ్చుకోండి.

ఇవన్నీ ఒకే రోజు పెట్టుకుంటే తలప్రాణం తోకకొస్తుంది. ముందు టీవీ సెట్టింగ్ మార్చండి, పది నిమిషాల పని. తర్వాత సినిమా డబ్బు గురించి మెయిల్ రాయండి, ఆలస్యమైతే 'గడువు దాటింది' అంటారు. డివైజ్‌ల జాబితా, ఫోన్ అనుమతులు తీరిగ్గా చూసుకోవచ్చు. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి, మళ్లీ ఏవో షరతులు చూపించి 'ఒప్పుకుంటున్నాను' నొక్కమంటే, ఈసారి కింద చిన్న అక్షరాల్లో 'తర్వాత', 'వద్దు' అన్న మాటలు ఉన్నాయేమో చూసి అవి నొక్కండి.